కిష్టవ్వ బావిలో కొమ్ముచేప

ప్లవ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ దశమి

జపం ముగియక మునుపే బాలమల్లు వాకిట నిలబడి పిలిచాడు. తలనుంచి పాదాల దాకా తెల్లమట్టి.

"అయ్యగారు, జర బాయికాడికి రావాలె. రాయిల ఏందో ఉన్నది. గడ్డపార ఎత్తుదామంటె చెయ్యి లేస్తలేదు."

వాడూ, వాడి భార్య కిష్టవ్వా ఊరికి తూర్పున, ప్రాణహితకు పోయే బాట పక్కన ఉన్న తమ చెలకలో రెండు వేసవులుగా బావి తవ్వుతున్నారు. మట్టిలో చెక్కిన మెట్ల మీదుగా, వాడి భుజం ఆసరాతో దిగాను. అడుగున బల్లపరుపు రాయి. రాతిలో చేప. నిలువెత్తు మనిషి పడుకున్నంత పొడవు. పొలుసులు ఇంటిమీద పేర్చిన పెంకుల్లా వరుస తప్పకుండా ఉన్నాయి. నోరు తెరచి ఉంది. తల వెనుక నుంచి పైకి లేచిన కొమ్ము.

ఒకటే కొమ్ము.

ఇన్నేళ్లుగా పురాణం చెప్పిన నోరు ఆగలేదు. ప్రళయజలాలలో ఓడను కట్టుకొన్న ఏకశృంగం కళ్లెదుట ఉండగా ఎట్లా ఆగుతుంది? "మత్స్యమూర్తి! సాక్షాత్తు మత్స్యమూర్తి వెలిసిండు!" అన్నాను. బావి కదా, మాట పెద్దదై ఒడ్డుకు చేరింది. ఒడ్డున అప్పటికే పదిమంది ఉన్నారు. బాలమల్లు గడ్డపార పక్కన పెట్టి సాగిలపడ్డాడు.

పైనుంచి కిష్టవ్వ వంగి అడిగింది. "అయితె నీళ్లు పడుతయా అయ్యగారు?"

"నీళ్ల దొరే వచ్చిండు తల్లీ, నీళ్లకేం కొదువ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కొమ్ము నుదుటి మీద లేదు. కొంచెం వెనుకగా, వీపు మొదట ఉంది. యుగాల భూభారానికి జరిగి ఉంటుంది.

శుద్ధ ద్వాదశి

హనుమండ్లు పటేలు పొద్దున్నే వచ్చి బావి చుట్టూ తాడు కట్టించాడు. ఊరి పెద్దలు చావడిలో కూర్చుని తీర్మానించారు. స్వామి ఉన్న చోట ఇనుము తగలరాదు. గడ్డపార గానీ, పార గానీ దిగరాదు. నిత్యాభిషేకం నా చేతి మీదుగానే జరగాలి. వచ్చేది అధిక జ్యేష్ఠం కనుక ముహూర్తాలు లేవు. అది గడిచి నిజ జ్యేష్ఠం ప్రవేశించగానే గుడికి పునాది.

"చెన్నూరోళ్లు తమ దగ్గర గోదారి ఉత్తరంగ పారుతదని ఎగురుతరు గద పంతులు," అన్నాడు పటేలు మీసం దువ్వుకుంటూ. "ఇగ చూడు. మనకు దేవుడే బాయిల పడ్డడు. బస్సు రాక ఏడికి పోతది?"

"పడలేదు, వెలిసిండు."

"గదే. వెలిసిండు."

కిష్టవ్వకు కొత్త చీర పెట్టారు. బొట్టు పెట్టి స్త్రీలంతా ఆమె కాళ్లకు పసుపు రాశారు. ఆమె సంతోషంగా ఉంది. సంతోషంగానే ఉందని నా నమ్మకం.

ఈ కీర్తిలో నాకు భాగం లేదు. చూసినది చెప్పాను, అంతే.

పూర్ణిమ

ప్రాణహిత ఎండిన ఇసుక దాటి అవతలి గట్టునుంచి కూడా బండ్లు వచ్చాయి. బాసర యాత్రకు బయలుదేరిన కుటుంబం ఒకటి దారి మళ్లి ఇటే వచ్చిందట. చెప్పి చెప్పి గొంతు పోయింది. గర్వం లేదు.

బహుళ తదియ

నీరు, పాలు, మళ్లీ నీరు. రోజూ ఇదే క్రమం. రాయి తడికి మెత్తబడి పలుచని పొరలుగా లేచిపోతోంది. పొర లేచిన కొద్దీ స్వామి రూపం స్పష్టమవుతోంది. ఈ రోజు కడుపు భాగంలో, ఎముకల వరుస నడుమ, సన్నగా పొడవుగా ఒక ఆకారం కనిపించింది. రెండు కొసలూ కొద్దిగా వంగినట్టున్నాయి. ఓడ. సర్వబీజాలనూ ఋషులనూ మోసిన ఓడ. కొమ్ముకు కట్టిన ఓడ కడుపులో ఎందుకున్నదనే శంక అక్కర్లేదు. జగత్తంతా ఆయన కుక్షిలోనిదే. కూర్చున్న భక్తులకు చూపించి అదే చెప్పాను. ఒకరిద్దరు ఏడ్చారు.

మెట్లెక్కి వస్తుంటే కిష్టవ్వ ఎదురుగా నిలబడింది. కొత్త చీర కట్టుకోలేదు.

"అయ్యగారు, మల్ల ఎన్నడు తవ్వుడు?"

"గుడి లేచేదాక ఓపిక పట్టాలె."

"గుడికి నిజ జ్యేష్ఠమంటున్నరు. మిరుగం వాన గంతకు ముందుగాల్నే కొడుతది. వట్టి మట్టి బాయి అయ్యగారు. ఊట దాక తవ్వి సుట్టు రాతి ఒర కట్టకుంటె ఒక్క గట్టి వానకు పక్కలు ఇరిగి పూడుకపోతది. రెండేండ్ల కష్టం. మల్ల మొదలుకెళ్లి తవ్వుడు మాతోని కాదు."

"స్వామే చూసుకుంటడు."

"ఆయనకేంది, ఆయన చేప. బాయి నిండితె ఈదుతడు. మేమే ఎటు పోవాలె?"

ఆమె నవ్వలేదు. నాకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు.

బహుళ సప్తమి

ఇల్లాలు ఈ రోజు బావి దిగి దర్శనం చేసుకుంది. ఇంటికి వచ్చి నాకు విస్తరి వేస్తూ మొదలుపెట్టింది.

"పండ్లు చూసిన్రా?"

"ఏ పండ్లు?"

"మీ స్వామి పండ్లు. ఒక్కొక్కటి దబ్బనమోలె ఉన్నది. కొసలు లోపలికి ఒంగి ఉన్నయి. దినాం పెరుగన్నం నైవేద్యం పెడుతున్నరు గదా, పెరుగన్నానికి గన్ని పండ్లెందుకు?"

"అది ప్రళయకాలపు ఉగ్రరూపం. ఆ రూపంతోనే అసురుణ్ణి సంహరించింది."

"అట్లనా," అని మజ్జిగ పోసింది.

ఈ సంసారంలో ఆమె "అట్లనా" అన్న ఏ పూటా నాకు భోజనం సహించలేదు. ఈ పూటా సహించలేదు. ఎండ వల్ల కావచ్చు.

బహుళ ఏకాదశి

జీపులో ఒకాయన వచ్చాడు. పేరు రామచంద్రం. హైదరాబాదులో భూగర్భ శాఖ ఆఫీసరు. ప్రాణహిత ఒడ్డున రాళ్లు పరీక్షిస్తుండగా సంతకు పోయేవాళ్లు ఈ సంగతి చెప్పారట. చెప్పులు విడిచి, తలకు రుమాలు చుట్టుకుని దిగాడు. ఆ మర్యాద నచ్చింది. తరువాతి మాటలు నచ్చలేదు.

మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పెట్టి, నోటినుంచి తోక దాకా జానెడు జానెడు జరుగుతూ చూశాడు. నేను అభిషేకం చెంబు పట్టుకుని ఆయన వెనుక నిలబడ్డాను. బావిలో మేమిద్దరమే.

"అయ్యగారు, మీకు కోపమొస్తదని తెలిసే చెప్తున్న. మనిషి పుట్టకముందు ఈ నేలంత నీళ్లు. ఆ నీళ్లల్ల బతికిన చేప ఇది. చచ్చి బురదల కూరుకపోయింది. ఆ బురదే రాయి అయింది. మీరు కొమ్మంటున్నది వీపు మీది రెక్కను నిలబెట్టే ముల్లు. ఇది వేట చేప."

"కడుపుల ఓడ ఉన్నది. చూసినవా నాయనా?"

ఆయన భూతద్దం నా చేతికిచ్చాడు. "మీరే చూడుండ్రి."

చూడలేదు. తిరిగి ఇచ్చేశాను.

"దినాం నీళ్లు పోస్తె ఇది పొరలు పొరలుగ ఊడిపోతది," అన్నాడు. "పక్కలకెళ్లి తవ్వి, రాయిని ముక్క చెక్కకుండ లేపితె హైదరాబాదుల భద్రపరుస్తం. కింద వీళ్లు బాయి తవ్వుకోవచ్చు. ఈ మాట నేను చెప్తె ఊరోళ్లు తంతరు. మీరు చెప్తె ఇంటరు."

అవతారతత్త్వం గురించి నేను చాలాసేపు మాట్లాడాను. ప్రమాణాలు చూపాను. కాలం కొలతలు వేరు, కల్పాల కొలతలు వేరు అన్నాను. ఆయన చేతులు కట్టుకుని విన్నాడు. చెన్నూరు డాక్ బంగ్లాలో కొన్నాళ్లు ఉంటానని, కబురంపితే వస్తానని చెప్పి నమస్కరించి వెళ్లాడు.

వాదంలో నేనే గెలిచాను.

బహుళ త్రయోదశి

ఓడకు కన్ను ఉండదు.

అమావాస్య

ఈ రోజు అభిషేకానికి ఎవరినీ దిగనీయలేదు. మడికి భంగమన్నాను. ఒక్కణ్ణే కూర్చుని చూశాను. పొర మరొకటి లేచింది. కన్ను మాత్రమే కాదు, చిన్న తోక ఉంది, దారపు పోగుల్లాంటి రెక్కలున్నాయి. దాని తల పెద్ద చేప తోక వైపు ఉంది. తలనుంచి మొదలుపెట్టి మింగినట్టు.

పురాణంలో ఆ కథ ఎట్లా మొదలవుతుంది? రాజు అర్ఘ్యమివ్వబోయి నదిలో దోసిలి ముంచితే నీళ్లతో పాటు ఒక చేపపిల్ల వస్తుంది. దానిని తిరిగి నదిలో విడువబోతాడు. పెద్ద చేపలు నన్ను మింగుతాయి, నీ చేతిలో ఉండనీయుమని అది వేడుకుంటుంది. ఈ ఘట్టం దగ్గర నా గొంతు వణుకుతుంది. అది నేర్చుకున్న వణుకు కాదు. వినే స్త్రీలు కొంగుతో కళ్లు తుడుచుకుంటారు. ఆ చేపపిల్ల కోసం ఏడవని శ్రోత ఇన్నేళ్లలో నాకు తారసపడలేదు.

ఇక్కడ ఆ చేపపిల్లకు ఏ దోసిలీ అందలేదు. మింగినదానికి నేను పాలు పోస్తున్నాను.

ఎవరికీ చెప్పవలసిన పని లేదు. భక్తి ఉన్న చోట రాయి ఏ రాయి అయితేనేమి? సర్వమూ ఆయనే. మింగినదీ ఆయనే, మింగబడినదీ ఆయనే. ఇట్లా ఆలోచిస్తే అన్నీ సరిపోతాయి. సరిపోతాయి.

సాయంకాలం కిష్టవ్వ వచ్చింది. నిన్న గాలిదుమారంతో నాలుగు చినుకులు పడ్డాయి. ఆ మాత్రానికే బావి తూర్పు పక్క పెద్ద పెళ్ల ఒకటి విరిగి పడిందట.

"మీ నోటి మాటతోని ఆగింది. మీ నోటి మాటతోనే సాగాలె," అన్నది. "పటేలును అడిగితె పంతులును అడుగంటడు. మిమ్ముల నడిగితె స్వామి చూసుకుంటడంటరు. స్వామిని అడుగుదామంటె ఆయన నోరు తెరిచే ఉన్నది గని ఒక్క మాట మాట్లాడడాయె."

"చూద్దాం," అన్నాను.

"ఏం చూస్తరు? మబ్బునా?"

అధిక జ్యేష్ఠ శుద్ధ విదియ

మార్గం దొరికింది. ఉద్వాసన.

ఆవాహన చేసిన దైవాన్ని పూజాంతంలో స్వస్థానానికి సాగనంపడం విధి. వినాయకుణ్ణి నీటిలో కలిపేముందు చేసేదే. స్వామి తన ధామానికి వెళ్లాడు, ఇక మిగిలింది రాయి అని నాలుగు అక్షతలు వేస్తే చాలు. కిష్టవ్వకు బావి, రామచంద్రానికి రాయి, పటేలుకు పది ఊళ్లలో చెప్పుకొనే కథ. నా మాటకు భంగం లేదు. ఇది అబద్ధం కాదు, విధి.

ఇంతటి సులువైన ఉపాయం ఇన్నాళ్లు తట్టకపోవడమే ఆశ్చర్యం. మనస్సు తేలికపడింది.

కిష్టవ్వను పిలిపించి చెప్పాను. అరుగు కింద కూర్చుని చివరి దాకా విన్నది.

"అంటె స్వామిని సాగనంపుతరు."

"అవును."

"ఉన్నడా మరి, సాగనంపెటందుకు?"

నేను పంచాంగం తిరగేశాను.

"నాకేంది అయ్యగారు, ఎట్ల చెప్పినా నాకు బాయి గావాలె," అని లేచింది. నాలుగడుగులు పోయి మళ్లీ తిరిగింది. "గని, ఉంటెనేమో తవ్వుడు పాపం. లేకుంటె ఇన్నొద్దులు ఆపుడు పాపం. రెండిట్ల ఏదో ఒకటే అయితది గదా. నాకు తెల్వదు, మీరు సదువుకున్నోళ్లు."

శుద్ధ చవితి

మననం చేస్తుంటే ఉద్వాసన మంత్రం పదే పదే తప్పుతోంది. ఉపనయనమైన నాటినుంచి నోట ఉన్న మంత్రం. తప్పే మంత్రం కాదు.

శుద్ధ షష్ఠి

చేతులు పొక్కాయి. కలం సరిగా నిలవడం లేదు. అయినా ఈ రోజే రాయాలి. రేపటికి నేను దీనిని వేరే విధంగా జ్ఞాపకం పెట్టుకుంటాను.

ఊరంతా ఒడ్డున చేరింది. పటేలు కొత్త రుమాలు చుట్టుకుని ముందు నిలబడ్డాడు. కబురంపినందుకు రామచంద్రం వచ్చాడు. దూరంగా, జీపు పక్కన ఉన్నాడు. నేను పళ్లెంలో పూలూ అక్షతలూ పట్టుకుని సంకల్పం చెప్పాను. "యథాస్థానం" అనవలసిన చోట ఆగిపోయాను. ఎదురుగా కిష్టవ్వ ఉంది. ఆమె నన్ను చూడడం లేదు. బావి తూర్పు పక్కన మట్టిలో పడిన పగులును చూస్తున్నది.

"ఈ రాయిల స్వామి లేడు," అన్నాను. "ఇప్పుడు పోతలేడు. ఎన్నడూ లేడు. నేను పొరబడ్డ. అది వేట చేప. కొమ్ము కొమ్ము కాదు, వీపు మీది ముల్లు. కడుపుల ఉన్నది ఓడ కాదు, అది మింగిన చేప. అది చూసి కూడ నేను చెప్పలే. కిష్టవ్వ తన బాయి తవ్వుకోవచ్చు."

మొదట పటేలే తేరుకున్నాడు. "ఏం మందు పెట్టిండు పంతులు నీకు ఆ జీపు సారు? మొన్న దేవుడంటివి, నేడు చేపంటివి. రేపు చెరువుల కొర్రమట్టను పట్టుకొచ్చి దేవుడంటవు. అప్పుడు మేం మిరుగం నాడు కూర వండుకోవాల్నా, మొక్కాల్నా?"

జనంలో నవ్వు లేచింది. అది భరించగలిగాను. భరించలేనిది బుచ్చవ్వ మాట. ఆమె ముసలిది, నా పురాణానికి మొదటి వరుసలో కూర్చునే మనిషి. రెండు చేతులూ జోడించి, ప్రేమగా చెప్పింది.

"అయ్యగారు, ఆనాడు నీ నోట దేవుడు పలికిండు. ఈనాడు నువ్వు పలుకుతున్నవు. మేం దేవుని మాటనే ఇంటం. నువ్వు పరేషాన్ గాకు."

తప్పు చెప్పిన రోజు ఊరంతా నమ్మింది. నిజం చెప్పిన రోజు నన్ను ఓదారుస్తున్నది.

గడ్డపార ముట్టుకునేందుకు ఎవరూ ముందుకు రాలేదు. బాలమల్లు వైపు చూశాను. వాడు తల దించుకున్నాడు. "నాకు పిల్లలున్నరు అయ్యగారు," అన్నాడు.

వాడిని ఏమనగలను? ఆ భయం నేను పెట్టినదే. దోషమంటూ ఉంటే అది మొదటి దెబ్బ వేసినవాడికి తగులుతుంది. పళ్లెం కింద పెట్టాను. ఉత్తరీయం నడుముకు బిగించి గడ్డపార తీసుకుని మెట్లు దిగాను. వెనుక ఒడ్డున స్త్రీలు ఒక్కసారిగా గోల పెట్టారు. మా ఇల్లాలి గొంతు మాత్రం వినపడలేదు.

రామచంద్రం కూడా దిగి సుద్దముక్కతో చేప చుట్టూ విశాలంగా గీత గీశాడు. "గీత బయట ఎక్కడైనా కొట్టుండ్రి," అన్నాడు. అతనికి రాయి మీది భయం, నాకు మాట మీది భయం.

గడ్డపార అంత బరువుంటుందని తెలియదు. మొదటి దెబ్బ జారి నా కాలి పక్కనే పడింది. మరొకటి రాతికి తగిలి మోచేతి దాకా జలదరించింది. ఏ ఉత్పాతమూ జరగలేదు. చిన్న పెచ్చు మాత్రం లేచింది. మళ్లీ ఎత్తాను. పైనుంచి కిష్టవ్వ కేక.

"అయ్యగారూ, అది పుస్తకం గాదు! కింది కొస మీద ఒక చెయ్యి ఉండాలె!"

ఎవరో నవ్వారు. ఈసారి నవ్వు వేరుగా ఉంది. నేను కొడుతూనే ఉన్నాను. శ్వాస అందడం లేదు. కళ్లలోకి చెమట కారింది. అప్పుడు మెట్ల మీద దబదబమని అడుగులు. బాలమల్లు వచ్చి నా చేతిలోని గడ్డపార పట్టుకున్నాడు.

"ఇటియ్యుండ్రి అయ్యగారు. మీకేం కాలే గదా ఇంతసేపు? ఇగ నాకు కాదు. మీరిట్లనే కొడితె బాయి మొత్తం ఖరాబు చేస్తరు."

నేను పక్కకు జరిగి మట్టిగోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇల్లాలు ఇంటికి వచ్చాక అరచేతులకు నెయ్యి రాసింది. "అట్లనా" అని కూడా అనలేదు.

బహుళ తదియ

రాయి ముక్క కాకుండా లేచింది. గడ్డి పరచిన బండిలో మంచిర్యాల స్టేషనుకు సాగింది. బుచ్చవ్వ మరికొందరితో బండికి హారతి ఇచ్చింది. వద్దనలేదు. వద్దనే అధికారం ఇప్పుడు నాకు లేదు.

చావడిలో అధికమాస పురాణం ఈ ఏడు నిలిపివేశామని పటేలు కబురు పంపాడు. వేరొకరిని పిలుస్తారట.

బహుళ సప్తమి

ఊట పడింది. బాలమల్లు చెప్పి, కూర్చోకుండా వెళ్లిపోయాడు. ఒరకు రాళ్లు మోయాలి. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్లి చూశాను.

బహుళ ఏకాదశి

తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా కుంభవృష్టి. మిరుగం మాట తప్పలేదు. వాన తగ్గగానే గొడుగు పట్టుకుని చెలకకు పోయాను. ఒర నిలిచింది. బావిలో ఎర్రటి నీరు సుడి తిరుగుతోంది. ఒడ్డున ఎవరూ లేరు. చూసి వచ్చాను.

సాయంకాలం మా ఇంటి అరుగు మీదే వ్యాసపీఠం పెట్టాను. అధికమాసం పురాణం లేకుండా పోనిచ్చే అలవాటు లేదు. శ్రోత ఇల్లాలు ఒక్కతే. పాలసముద్రం చిలికే ఘట్టం తీశాను. కవ్వపుకొండను తెచ్చేలోపు కిష్టవ్వ వచ్చింది, వెనుక బాలమల్లు. వీళ్లిద్దరూ ఇంతకు ముందు ఎన్నడూ నా పురాణానికి రాలేదు. చేలో పని ఉండేది. ఆమె వాకిట చాప పరచుకుని నా ఎదురుగా కూర్చుంది. రెండు వాక్యాలు విని చెయ్యి ఎత్తింది. నా పురాణంలో ఎవరైనా చెయ్యి ఎత్తడం ఇదే మొదలు.

"అయ్యగారు, గిది మీరు చూసిన్రా?"

ఇల్లాలు దీపం వత్తి సవరిస్తూ ఆగింది.

"చూడలేదమ్మా," అన్నాను. "విన్నది చెప్తున్న."

కిష్టవ్వ కొంగు సర్దుకుని కాళ్లు ముడుచుకుంది.

"అట్లయితె చెప్పుండ్రి. ఇంటం."